ఏ గన్నేరమ్మా?

చవితి ముందురోజు విశాఖ పూర్ణా మార్కెట్‌కి వెళ్లాను. పత్రి కట్టలు కట్టే అమ్ముతారు గానీ, వాటిలో సగం ఏ ఆకులో అమ్మేవాళ్లకే తెలియదని మా అత్తగారి అనుమానం. అందుకని ఏటా విడివిడిగా ఏరి తెమ్మంటారు. ఇరవయ్యొక్క పత్రుల్లో పదోది కరవీర పత్రం, "వికటాయ నమః" అన్నప్పుడు వేసేది. కరవీరమంటే గన్నేరని తెలుసు కాబట్టి ధీమాగా "గన్నేరాకు ఉందా?" అని పూలావిడని అడిగాను.

"ఏ గన్నేరమ్మా? ఎర్రదా, పచ్చదా, బిళ్ళదా, దేవగన్నేరా?"

నోట మాట రాలేదు. "దేవుడికి వేసేది" అన్నాను. "అన్నీ దేవుడికే ఏస్తారు కదమ్మా" అంది.

ఇంటికొచ్చాక కూర్చుని ఆలోచిస్తే, నాలుగూ ఒకదానికొకటి పోలికలేని మొక్కలు. ఎర్ర గన్నేరు పొద. సన్నటి పొడుగాటి ఆకులు, కణుపుకి మూడేసి. పచ్చగన్నేరు చిన్నపాటి చెట్టు, గంటల్లాంటి పసుపు పూలు (పచ్చ అంటే మనకి పసుపూ అవుతుంది, ఆకు రంగూ అవుతుంది, ఇక్కడ పసుపే). బిళ్ళ గన్నేరు మోకాలెత్తు కూడా ఉండదు, ఋషికొండ వైపు ఉత్త ఇసకలో కూడా పూస్తుంది. దేవగన్నేరుకి మొద్దుల్లాంటి కొమ్మలు, ఆకులన్నీ రాల్చేసి బోడిగా నిలబడి కూడా పూస్తుంది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫానుకి మా వీధిలో దేవగన్నేరు విరిగిపోతే, ఒక కొమ్మ తెచ్చి కుండీలో గుచ్చాను, ఇప్పుడది మేడ ఎక్కేసింది. సరే, అది వేరే కథ.

వృక్షశాస్త్రంలో ఇవి నాలుగు ప్రజాతులు: నీరియం, కాస్కబెలా, కాథరాంథస్, ప్లుమేరియా. కుటుంబం మాత్రం ఒక్కటే, అపోసైనేసీ. 1789లో జుస్యూ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఖరారు చేసిన కుటుంబం ఇది. పచ్చగన్నేరు, దేవగన్నేరు అమెరికా ఖండం నుంచి వచ్చాయి. బిళ్ళ గన్నేరు మడగాస్కర్‌ది. అంటే మూడూ ఓడలెక్కి వచ్చినవే. వాటిని మొదటిసారి చూసిన మనవాళ్లెవరో, జుస్యూ పేరు వినకుండానే, "ఇది గన్నేరు మనిషే" అని పోల్చేశారు. ఒక్కదాని విషయంలో కూడా తప్పలేదు!

ఎలా పోల్చారంటారు? నాకు తోచింది చెప్తాను. ఎర్ర గన్నేరు మొగ్గ ఒకటి కోసి చూడండి, గొడుగు మడిచి చుట్టినట్టు మెలితిరిగి ఉంటుంది. విచ్చుకున్నాక కూడా ప్రతి రెక్కకీ ఒక అంచు పక్క రెక్క మీద, రెండో అంచు ఇటుపక్క రెక్క కింద. చిన్నపిల్లల కాగితం గాలిపంకా లాగ. నాలుగు గన్నేర్లలోనూ అదే మెలి. సమూహంలో ఎవరికైనా వేరే కారణం తోస్తే చెప్పండి.

భీమిలి మాస్టారు: మంచి ప్రశ్న, అమ్మా. ముందు మాట సంగతి. సంస్కృతంలో కరవీరం, పాళీలో కణవీర, హిందీలో కనేర్, మన గన్నేరూ ఆ వరసలోదే. సంస్కృత నాటకాల్లో వధ్యశిలకి తీసుకెళ్లేవాడి మెడలో వేసేది ఈ పూలదండే. ఇక వ్యాకరణం చూడు. మనుషులకి ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. మొక్కలకి తిరగేసి, ఎర్ర, పచ్చ, బిళ్ళ అన్నవి అసలు పేర్లు, గన్నేరు ఇంటిపేరు. విశేషణం ముందుండటం తెలుగు పద్ధతి కాబట్టి మొక్కలే పద్ధతిగా ఉన్నాయి, మనమే తలకిందులు.

నేను: మాస్టారూ, ఈ ఇంటిపేరు మాట నేను వాడేసుకుంటాను, ఏమనుకోకండి.

గాజువాక సభ్యుడు: మేడమ్, మరి నందివర్ధనం? దానికీ మెలి ఉంది, తుంచితే పాలు కూడా కారతాయి. దాన్ని గన్నేరు అనరేం?

నేను: నందివర్ధనం కూడా ఆ కుటుంబమేనండీ. జిల్లేడూ అంతే. దాన్ని చాలాకాలం వేరే కుటుంబంగా లెక్కేసి, ఈమధ్యే మళ్లీ ఇందులో కలిపారు. సుగంధిపాల కూడా ఇందులోదే. ఇవన్నీ మన నేలమీద ఎప్పటినుంచో ఉన్నవి, ఎవరి పేరు వాళ్లకుంది. పుట్టింట్లో పిల్లని ఇంటిపేరుతో ఎవరు పిలుస్తారు? కొత్తగా వచ్చినవాళ్లనే "ఏ ఇంటివాళ్లు?" అని అడుగుతాం. సీమచింత చూడండి. అదీ మెక్సికో వైపు నుంచి వచ్చిందే, వచ్చి చింత ఇంటిపేరు పెట్టుకుంది. రెండూ కంది, పెసర ఉన్న చిక్కుడు కుటుంబమే. అక్కడా మనవాళ్లు తప్పలేదు.

సీతమ్మధార అక్క: అన్నీ సరిగ్గా పెట్టారంటే నేనొప్పుకోను. బెంగుళూరు వంకాయ సంగతేంటి? నులితీగలు వేసి పాకుతుంది, అది వంకాయెలా అయింది?

నేను: అక్కా, దొరికిపోయాను. అది దొండ, బీర, కాకర ఇంటిది. నా ఉద్దేశంలో పేరు పెట్టినవాడు తీగని చూడలేదు, బుట్టలో కాయని మాత్రమే చూశాడు. పువ్వు చూసి పెట్టిన పేరు నిలుస్తుంది, కాయ చూసి పెట్టింది దారి తప్పిస్తుంది. రుచి చూసి పెడితే ఇంకా అన్యాయం. వేపలే తీసుకోండి. తురకవేప నిజంగా వేప కుటుంబమే. కరివేప ఆకు వరస చూసి వేప అన్నారు, అది నిమ్మ, మారేడు కుటుంబం. ఆకు నలిపితే వచ్చే వాసనలోనే ఆ చుట్టరికం తెలుస్తుంది. నేలవేము ఉత్త చేదు చూసి పెట్టిన పేరు (వేము వేపకి పాత రూపం). దాని పువ్వు రెండు పెదాల్లా విడి ఉంటుంది, అది అడ్డసరం కుటుంబం.

మధురవాడ నుంచి: గొట్టం పూలన్నీ గన్నేర్లేనా అయితే? మా గేటు దగ్గర నూరువరహాలు ఉంది.

నేను: కాదండీ. నాలుగు రెక్కలు, తుంచితే పాలు రావు. ఎదురెదురు ఆకుల మధ్య కాడమీద చిన్న ముక్కోణపు పొలుసు కనపడుతుంది చూడండి. అది కాఫీ కుటుంబం గుర్తు. మీ నూరువరహాలూ అరకు కాఫీ తోటా చుట్టాలు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. ఆరోజు పూలావిడ పక్క బుట్టలో వాక్కాయలున్నాయి, పావుకిలో తీసుకున్నాను. వాక్కాయ కోసినవాళ్లకి తెలుసు, కత్తి దిగీ దిగగానే తెల్లటి పాలు బొట్లుబొట్లుగా వస్తాయి, వేళ్లు ఒకదానికొకటి అంటుకుంటాయి, కత్తికి బంకలా పట్టి సబ్బుకి లొంగదు. అందుకే మా అమ్మ ముందే చేతికి నూనె రాసుకుంటుంది. రెండుగా చీల్చి, గింజ తీసి, ఉప్పునీళ్లలో వేసి, కందిపప్పులో పచ్చిమిర్చితో ఉడికిస్తే చింతపండు అక్కర్లేదు. ఆ రోజు కోస్తుంటే ఆ పాలు చూసి అనుమానమొచ్చి వెతికాను. వాక్కాయది కూడా గన్నేరు కుటుంబమే! కొండల్లో పిల్లలు ఏరుకు తినే కలివి పళ్లవి కూడా.

తెలుగులో చిత్రం ఏమిటంటే, వాక్కాయ పప్పు అంటే నోరూరుతుంది, గన్నేరు పప్పు అంటే గుండె ఝల్లుమంటుంది. మొదటిది కందిపప్పు, రెండోది జీడిపప్పులో పప్పు లాంటిది, గింజలోపలి పలుకు. పచ్చగన్నేరు గింజ గుండెని దెబ్బతీసే విషం. ఎర్ర గన్నేరు కూడా ఆకు, పువ్వు, కొమ్మ, అంతా విషమే. పిల్లలున్న ఇంట్లో పచ్చగన్నేరు కాయలు రాలితే ఊడ్చి పారేయండి, ఆడుకోవడానికి బాగుంటాయి కాబట్టి మరీ జాగ్రత్త.

భీమిలి మాస్టారు: అంటే ఇంటిపేరు చూసి చుట్టరికం చెప్పొచ్చు గానీ విస్తట్లో వెయ్యకూడదన్నమాట.

ఫార్మసీ చదువుతున్న అమ్మాయి: అక్కా, బిళ్ళ గన్నేరు గురించి ఒక మాట. జమైకాలో షుగరుకి దీని కషాయం తాగేవాళ్లు. ఆ ఆకులు కెనడాలో రాబర్ట్ నోబుల్ అనే ఆయనకి చేరాయి. ఎలుకలకి ఇచ్చి చూస్తే షుగరు మీద చెప్పుకోదగ్గ ఫలితం లేదు గానీ, తెల్లరక్తకణాలు పడిపోయాయి. ఆయనా చార్లెస్ బీర్ కలిసి దాన్నుంచి విన్‌బ్లాస్టిన్ తీశారు, 1958లో ప్రకటించారు. తర్వాత విన్‌క్రిస్టిన్ వచ్చింది. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి ఇప్పటికీ అదే వాడతారు. అది కూడా సెలైన్‌తో పాటు నరంలోకి, మిల్లీగ్రాముల లెక్కన, డాక్టర్ల కళ్లముందు. అందులో మందు ఉందంటే ఇంట్లో కాచుకు తాగమని కాదు.

నేను: సరిగ్గా చెప్పావమ్మా. మా బాబాయి ఫోన్‌లో వచ్చిన మెసేజ్ నమ్మి పది రోజులు పొద్దున్నే బిళ్ళ గన్నేరు ఆకులు నమిలారు. పదకొండో రోజు కళ్లు తిరిగి వంటింట్లో పడ్డారు. టెన్షన్‌తో ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరుగారు వేసుకునే మందులన్నీ అడిగారు గానీ ఆకుల సంగతి బాబాయి చెప్పలేదు. "అది మందు కాదు కదా, ఆకే కదా" అనుకున్నారట. రెండోసారి వెళ్లినప్పుడు పిన్ని చెప్పేసింది. ఆ ఆకులవల్లే పడ్డారని నేననను, కానీ చెప్పకపోవడం మాత్రం తప్పే.

ఎంవీపీ కాలనీ నుంచి: నాలుగు పూలూ తెచ్చి వరసగా పెట్టి చూశానండీ. మెలి నాలుగింటికీ ఉంది, నిజమే. కానీ ఎర్ర గన్నేరు ఒక వైపు తిరిగితే మిగతా మూడూ రెండో వైపు తిరిగాయి. నా కళ్ల తప్పా?

నేను: ఇది చదివి టార్చి పట్టుకుని కిందకి దిగాను, వాచ్‌మన్ ఏం పోగొట్టుకున్నారమ్మా అని అడిగాడు. మీ కళ్ల తప్పు కాదండీ, నిజంగానే అలాగే ఉంది. కుటుంబంలో ఎర్ర గన్నేరుది ఒక శాఖ, మిగతా మూడింటిదీ ఇంకో శాఖ, రెక్కలు కప్పే దిక్కు కూడా ఆ శాఖని బట్టే. నేను ఇరవై ఏళ్లుగా కోస్తున్న పువ్వే, ఎప్పుడూ గమనించలేదు.

సీతమ్మధార అక్క: అంతా బాగుంది గానీ, చివరికి ఏ ఆకు తెచ్చావు పూజకి?

నేను: ఎర్ర గన్నేరే అక్కా. నేనింకా ఆలోచిస్తుండగానే ఆవిడ మూడాకుల రెమ్మ తుంచి కట్టలో పెట్టేసింది. "మరి తెలిసి కూడా అడిగారేం?" అంటే, "నీకు తెలుసో లేదో చూద్దారని" అంది.