రిటెన్షన్లకే 75 కోట్లు: ఉప్పల్ జట్టు లెక్క సరైనదేనా?

ప్రశ్న: 2025 ఐపీఎల్ మెగా వేలంలో ఒక్కో జట్టు పర్స్ (ఆటగాళ్ల మీద పెట్టగల మొత్తం) 120 కోట్లు. మన సన్‌రైజర్స్ ఐదుగురిని అట్టిపెట్టుకోడానికే 75 పెట్టింది. ముందే చేతులు కట్టేసుకున్నట్టు కాదా?

జవాబు: లెక్క చూడండి. క్లాసెన్ 23, కమిన్స్ 18, అభిషేక్, హెడ్ చెరో 14, నితీశ్ 6. మిగిలిన 45లో ఇషాన్‌కి 11.25, షమీకి 10, హర్షల్‌కి 8 పోయాయి. జట్టులో కనీసం 18 మంది ఉండాలి, అంటే 15.75 కోట్లతో ఇంకో పదిమంది. స్పిన్నరు, ఫినిషరు, బ్యాకప్ బౌలర్లు అందరూ అందులోనే! గాయాలొస్తే బెంచి తేలిపోయేది అందుకే.

జవాబు: అభిషేక్‌ని వేలంలోకి వదిలితే 14కి మళ్లీ దొరికేవాడా? ఆ ధర చవకే అండీ.

జవాబు: వెసులుబాటు ట్రేడ్‌లో (వేలం లేకుండా ఆటగాణ్ని వేరే జట్టుకి ఇవ్వడంలో) ఉంది. 2026కి ముందు షమీని అదే 10 కోట్లకు లక్నోకి ఇచ్చారు. 35 ఏళ్ల పేసర్ విషయంలో అది మంచి నిర్ణయం.