కేసు తేలకముందే ఆటగాణ్ణి పక్కన పెడితే జీతం ఎవరు ఇవ్వాలి?

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్ ఉద్యోగ చట్టాలు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.

ఫుట్‌బాల్ ఆటగాడు బెంజమిన్ మెండీ కేసు గుర్తుందిగా. 2021 ఆగస్టులో పోలీసులు అత్యాచార అభియోగాలు పెట్టగానే అతని క్లబ్బు మాంచెస్టర్ సిటీ సస్పెండ్ చేసింది, సెప్టెంబర్ నుంచి జీతమూ ఆపేసింది. 2023లో అన్ని అభియోగాల్లోనూ నిర్దోషి అని తేలాడు. ఈలోగా కాంట్రాక్టు కాస్తా అయిపోయింది. జీతం కోసం ఉద్యోగ వివాదాల ట్రైబ్యునల్‌కి వెళ్తే 2024 నవంబర్‌లో చాలా భాగం ఇవ్వాల్సిందేనని తీర్పొచ్చింది. జైల్లో ఉన్న దాదాపు ఐదు నెలలకు మాత్రం లేదట.

నాకు అర్థం కానిది ఇక్కడే. బెయిల్ మీద బయట ఉన్నా షరతుల వల్ల, ఎఫ్‌ఏ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం) నిషేధం వల్ల అతను ఆడలేడు కదా. మరి అది క్లబ్బు నెత్తిన ఎందుకు పడింది? కాంట్రాక్టులో ముందే ఒక షరతు రాసుకుంటే చెల్లేదా?

ఆస్ట్రేలియా రగ్బీ లీగ్‌లో 2019 నుంచి వేరే పద్ధతి. పదకొండేళ్ళు, అంతకు మించి శిక్ష పడగల అభియోగమైతే ఆటకు దూరం, జీతం మాత్రం పూర్తిగా. జాక్ డి బెలిన్ అలా 2019, 2020 సీజన్లు పోగొట్టుకున్నాడు, తర్వాత కేసే ఎత్తేశారు. జీతం వచ్చింది సరే, ఆ వయసు ఎవరిస్తారు?

అలాగని ఫిర్యాదు చేసిన మనిషి టీవీ పెట్టగానే నిందితుడే గోల్ కొడుతూ కనబడటమూ దారుణమే. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్‌లో ఆస్ట్రేలియా తరహా నియమం పెట్టాలంటే ఆటగాళ్ళ సంఘం ఒప్పుకోవాలా, లేక లీగ్ ఒక్కటే చేయగలదా?