“బలూచిని” అన్నాడా, “బలోచ్‌ని” అన్నాడా?

అరసున్న: ఎప్పుడో ఒక వారపత్రికలో చదివిన వాక్యం బుర్ర తొలిచేస్తోంది. “నేను కొన్ని వందల ఏళ్లుగా బలూచిని, పద్నాలుగు వందల ఏళ్లుగా ముస్లింని, యాభై ఏళ్లుగా పాకిస్తానీని.” బలూచిస్తాన్ తెగ నాయకుడు అక్బర్ బుగ్తీ మాట అని గుర్తు. చివర “పాకిస్తానీని” అనే ఉందా, “పాకిస్తానీయుణ్ణి” అని ఉందా? కటింగ్ ఎవరి దగ్గరైనా ఉందా?

శకటరేఫం: ముందు పేరు సరిచేయండి. ఉర్దూలో ఆయన ఇంటిపేరు రాసేది ‘టే’తో. బుగ్టీ. ఇంగ్లిష్ పేపరు చూసి మనవాళ్లు త పెట్టేశారు. ఇక ఆ వాక్యం పఠాన్ నాయకుడు వలీఖాన్ పేరు మీద ఉన్నది కదండీ. అందులో బలూచి లేడు, పఠాన్ ఉన్నాడు. ఏళ్ల లెక్క ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు గానీ పాకిస్తానీ దగ్గర ఎక్కువగా కనిపించేది ఇరవై అయిదు. అంటే 1972.

అరసున్న: యాభై అని నాకు గట్టిగా గుర్తు. అంటే 1997 తర్వాతి మాటే కావాలి. బుగ్టీ సైనిక చర్యలో పోయింది 2006 ఆగస్టు 26న. మధ్యలో తొమ్మిదేళ్లు ఉన్నాయిగా.

పాతపేపర్లు: లెక్క కుదురుతుంది. మనిషి కూడా కుదరాలి. 1958లో ప్రధాని ఫిరోజ్ ఖాన్ నూన్ హయాంలో కేంద్రంలో సహాయమంత్రి. 1973 ఫిబ్రవరిలో బలూచిస్తాన్‌లోని మెంగల్ ప్రభుత్వాన్ని భుట్టో పీకేస్తే, వెంటనే గవర్నర్ కుర్చీ ఎక్కింది ఈయనే. ఏడాది తిరక్కుండానే దిగిపోయాడు. 1989లో ముఖ్యమంత్రి, 1990లో సొంతంగా జమ్హూరీ వతన్ పార్టీ. ఇస్లామాబాద్‌తో కాసేపు చెలిమి, కాసేపు కయ్యం. ఆ వాక్యం 1973 బుగ్టీకి నప్పదు, చివరి రోజుల బుగ్టీకి నప్పుతుంది. ఆయన తెగ నేల మీదే ఉన్న సూయీలో 1952లో గ్యాస్ పడితే, అది రాష్ట్ర రాజధాని క్వెట్టాకు చేరింది 1980లలో. ఆ కడుపుమంట ఆ “యాభై ఏళ్లు”లో వినిపిస్తోంది నాకు.

పొల్లు: అందరూ అసలు తప్పు వదిలేశారు. “బలూచిని” ఏమిటండీ? మనిషి బలోచ్, భాష బలోచీ. “నేను బలూచిని” అంటే “నేను తెలుగుని” అన్నట్టుంది.

శకటరేఫం: పంజాబీ, బెంగాలీ, గుజరాతీ మనిషికీ భాషకీ రెంటికీ వాడటం లేదా?

పొల్లు: మరాఠా, మరాఠీ ఒకటేనా మరి?

అరసున్న: “బలోచ్‌ని” అంటే ద్వితీయా విభక్తిలా లేదూ? బలోచ్‌ని కొట్టారు, బలోచ్‌ని పిలిచారు. “మనిషిని, మంత్రిని” అని మన గురించి మనం చెప్పుకునే ‘ని’ ఇకారం మీద కూర్చున్నంత హాయిగా పొల్లు మీద కూర్చోదు. అనువాదకుడు చెవితో రాశాడు. నా ఓటు బలూచికే.

పొల్లు: “డాక్టర్‌ని” అనడం లేదా మనం? పొల్లు మీద ఇంత చిన్నచూపు పనికిరాదు.

సన్నికల్లు: బలోచ్ అనేది భాష పేరు కాదని పొల్లు గారు అన్నది నిజమే. పీకేశారన్నారే, ఆ అతావుల్లా మెంగల్, 1972లో మొదటి ముఖ్యమంత్రి, ఆయన తెగది బ్రాహుయీ. బ్రాహుయీ ద్రావిడ భాష, అంటే మనకు దూరపు చుట్టం. అయినా రాజకీయంగా నిఖార్సైన బలోచ్. బ్రాహుయీలో రాయి ‘ఖల్’, మన పెళ్లిళ్లలో తొక్కించే సన్నికల్లులోని ‘కల్లు’ అదే. కన్ను ‘ఖన్’, చెవి ‘ఖఫ్’.

శకటరేఫం: ‘ఖ’ కాదు, గొంతులో గరగరలాడే ధ్వని. మనకు అక్షరం లేదు.

సన్నికల్లు: ఒప్పుకున్నా. అదే మెంగల్ తెగ మనిషి, నోష్కీకి చెందిన గుల్ ఖాన్ నసీర్ గురించి ఎవరూ ఎత్తరేం? ఇంటి తెగ బ్రాహుయీ, గొప్ప కవిత్వం బలోచీలో. తొలి సంపుటి 1951లో. మెంగల్ మంత్రివర్గంలో విద్యామంత్రి, ప్రభుత్వం పడిపోగానే జైలు. నా దృష్టిలో బుగ్టీ వాక్యం వంద కలిపినా ఆయన ఒక్క పద్యానికి సాటి రాదు.

పాతపేపర్లు: ఆ విద్యామంత్రి ఉన్న ప్రభుత్వమే రాష్ట్రానికి అధికార భాషగా ఉర్దూని ఎంచుకుంది, అది కూడా చెప్పండి! బలోచీ, బ్రాహుయీ, పష్తో మధ్య ఏ ఒక్కటి పెట్టినా మిగతావాళ్లకు కోపం. అధికార భాషల సంగతి మనకు తెలియనిదా.

పొల్లు: ఆ తర్వాత మెంగల్ వాళ్లని విచారించింది హైదరాబాద్‌లోనే కదా?

పాతపేపర్లు: సింధ్ హైదరాబాద్ అండీ! చార్మినార్ దాకా తీసుకురాకండి.

అరసున్న: అయ్యా, నా “పాకిస్తానీయుణ్ణి” సంగతి?

శకటరేఫం: ‘స్తా’నా, ‘స్థా’నా అన్నది తేలకుండా ఆ ‘యుణ్ణి’ దాకా ఎలా వెళ్తాం? ఫారసీలో ఒత్తు లేదు. పాకిస్థాన్ అని రాసేవాళ్లు సంస్కృతం అతికిస్తున్నారు.

సన్నికల్లు: రెండూ ఒకే మూలానివి. ఒత్తుంటే కొంపలేం మునగవు.

శకటరేఫం: చుట్టరికం ఉంటే ఒకరి చొక్కా ఇంకొకరు తొడుక్కుంటారా? మీ లెక్కన ఖన్ అన్నా కన్ను అన్నా ఒకటేనా?

సన్నికల్లు: మీరే కదా ఇందాక ‘ఖ’ మీద పాఠం చెప్పారు! సరే, బ్రాహుయీలు ఎప్పటినుంచో అక్కడే ఉన్నారా, మధ్య భారతం నుంచి వెయ్యేళ్ల కిందట వెళ్లారా? నాది మొదటి పక్షం. కాదనేవాళ్లు వేరే దారం (థ్రెడ్) తెరవండి, కాచుకుని ఉన్నా.