సైన్స్ ఫెయిర్‌కి అరటికాయా, పూతరేకా?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి, అమలాపురంలో. ఆహారం మీద ప్రాజెక్టు చేయాలట. ఖర్చు తక్కువలో ఏదైనా చెప్పండి.

జవాబు: రావులపాలెం అరటి మార్కెట్ దగ్గరే ఉండగా ఆలోచన ఎందుకండీ? ఒకే గెలలోని కర్పూర రకం కాయలు తెచ్చి, రోజుకొకటి అడ్డంగా కోసి, నీళ్లు కలిపిన అయోడిన్ చుక్కలు వేయించండి. పచ్చికాయ ముక్క అందులోని పిండిపదార్థం వల్ల నల్లటి నీలానికి తిరుగుతుంది. ముగ్గేకొద్దీ ఆ పిండిపదార్థం చక్కెరగా మారుతుంది కాబట్టి ఆ రంగు పలచబడుతుంది. సగం కాయలు కాగితం సంచిలో కట్టిపెడితే కాయల నుంచి వచ్చే, వాటిని పండించే ఇథిలీన్ వాయువు లోపలే నిలిచి త్వరగా పండుతాయి. పోల్చడానికి అదే చాలు. కాయలు మగ్గబెట్టడానికి కొందరు వాడే రసాయనం కార్బైడ్ జోలికి మాత్రం వెళ్లనివ్వకండి, దానితో మగ్గబెట్టడం నిషేధం.

మరొకరు: ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ (ఫలానా ఊరి సరుకు అని తెలిపే భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది కదా, అవి చేయకూడదా?

జవాబు: కాలే కుండ మీద రేకు తీయడం పిల్లల పని కాదండీ.

అడిగినవారు: అరటే ఖాయం. అయోడిన్ వేసిన ముక్కలు మా చిన్నవాడికి అందకుండా దాచాలి.