లాకు దగ్గర ఎర్ర, పచ్చ లైట్లు కలిసి వెలిగితే వెళ్లొచ్చా?

కృష్ణలంక వాసి: ఫ్రాన్స్‌లో అన్నయ్య వాళ్లతో కలిసి అద్దె బోటులో కాలువలు తిరగబోతున్నాం, ప్రకాశం బ్యారేజీ దగ్గర లాకులు (నీటిమట్టం పెంచి, దించి బోట్లను దాటించే తలుపుల గదులు) చూశాను గానీ ఈ లైట్ల సంగతి తెలీదు, టెన్షన్‌గా ఉంది. రెండూ వెలిగితే వెళ్లొచ్చా?

గుంటూరోడు: వద్దండీ. లాకు మీ కోసం సిద్ధమవుతోందని అర్థం, తలుపులు ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. పచ్చ ఒక్కటే మిగిలాకే కదలండి. ఎర్ర ఒక్కటే ఉంటే ఆగాల్సిందే.

బందరు కాలువ గట్టు: ఒకదాని కింద ఒకటి రెండు ఎర్రలుంటే ఆ లాకును వాడకానికి మూసేశారని. ఇంకోటి, లైట్లకంటే నాకు తాడు భయం: లాకులో దిగువకు వెళ్లేటప్పుడు బోటు తాడును గట్టుకు ముడేసి కట్టేయకండి, నీళ్లు దిగేకొద్దీ చేత్తో వదులుతూ ఉండాలి, లేకపోతే బోటు తాడుకు వేలాడి ఒరిగిపోతుంది.

కృష్ణలంక వాసి: తాడు విషయం అసలు తట్టలేదు, థ్యాంక్స్ అండీ.