స్విఫ్ట్‌కి కాయిలోవర్లు ఇంటి దగ్గర బిగించుకోవచ్చా? (విజయనగరం)

కంటోన్మెంట్_కుర్రాడు (విజయనగరం)

నమస్కారం అండీ. కారు 2014 స్విఫ్ట్ పెట్రోలు, 14 అంగుళాల చక్రాలు. ముందు షాకబ్జర్లు రెండూ ఆయిలు కారుతున్నాయి, ఎలాగూ మార్చాలి. మార్చేదేదో ఎత్తు, గట్టిదనం మనమే మార్చుకునే కాయిలోవర్ సెట్టు వేద్దామని ఉంది. నేను చూసిన సెట్టులో ముందువి పైమౌంటుతో (షాకబ్జరు పైకొసని బాడీకి పట్టుకునే ముక్క) సహా బిగించే వస్తాయి. వెనకవి స్ప్రింగు వేరు, షాకబ్జరు వేరు. ముందు స్ప్రింగు 4 కేజీ/ఎంఎం (ఒక మిల్లీమీటరు నొక్కడానికి 4 కిలోల బరువు), వెనక 3.

ఇప్పటిదాకా నా చేతి పని ఇంజనాయిలు, బ్రేకు ప్యాడ్లు మార్చడం వరకే. ఇంటి ముందు సిమెంటు గచ్చుంది, వీధి వైపు కొంచెం వాలు. కారుతో వచ్చిన జాకీ, బాక్సు పానాల సెట్టు ఉన్నాయి. ఇంకేం కావాలి? ఎంత దించొచ్చు? రోజూ శ్రీకాకుళం హైవే, నెలకోసారి నలుగురితో సాలూరు ఘాటు.

పదిపన్నెండు_పానా (బొబ్బిలి)

చేసుకోవచ్చు తమ్ముడూ, ముందు ఆ జాకీని మాత్రం డిక్కీలో పెట్టీయ్. అది స్టెప్నీ మార్చడానికే గానీ కారు కింద చెయ్యి పెట్టే పనికి కాదు. 2 టన్నుల ట్రాలీ జాకీ ఒకటి, జాకీ స్టాండ్లు రెండు, చక్రాలకి అడ్డు పెట్టడానికి చెక్క దిమ్మలు నాలుగు కావాలి. స్టాండు బదులు ఇటుకలు, సిమెంటు దిమ్మలు పెట్టొద్దు. అవి మెల్లగా కుంగవు, ఒక్కసారే పగిలిపోతాయి. వాలున్న గచ్చు మీద జాకీ ఎత్తేటప్పుడు కారు ముందుకో వెనక్కో జరుగుతాది, అంచేత ఇంట్లో చదునుగా ఉన్న చోటు చూసుకో. మట్టి నేల తప్పకపోతే స్టాండు కింద మందపాటి ప్లైవుడ్ పలక వెయ్యి.

ఇవి కాక టార్క్ పానా (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపేది), వైరు బ్రష్, డబ్ల్యూడీ-40 లాంటి తుప్పు వదిలించే స్ప్రే, అలెన్ కీలు, గట్టి తాడు, టేపు. స్ప్రే ముందురోజు సాయంత్రమే కొట్టి వదిలీయ్, పొద్దున్న ఇంకోసారి కొట్టు. విప్పే ముందు కొట్టి రెండు నిమిషాల్లో పానా వేస్తే లాభం లేదు.

ఏదీ విప్పకముందే చేయాల్సినవి రెండున్నాయి. కారు చదునులో పెట్టి, నాలుగు చక్రాల దగ్గరా చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు వరకు ఎంతుందో కొలిచి రాసుకో. తర్వాత కొత్త స్ట్రట్టుని (ముందు చక్రం షాకబ్జరు, స్ప్రింగు కలిసున్న ముక్క) కారు పక్కన నిలబెట్టి పాతదానితో పోల్చు. కింద బోల్టు కన్నాల మధ్య దూరం, బ్రేకు పైపు పట్టుకునే క్లిప్పు, ఏబీఎస్ ఉంటే దాని వైరు క్లిప్పు, స్టెబిలైజర్ (రెండు పక్కల చక్రాలనీ కలిపే కడ్డీ) లింకు కన్నం, పైమౌంటు ఆకారం చూడు. వీటిలో ఏది తేడా ఉన్నా పెట్టె మూసీసి వెనక్కి పంపించీడమే. సగం విప్పాక తేడా కనిపిస్తే కారు స్టాండ్ల మీదే ఉండిపోద్ది.

ముందు చక్రాల పని: వెనక చక్రాలకి దిమ్మలు, హ్యాండ్ బ్రేకు వెయ్యి. కారు నేల మీద ఉండగానే 19 సైజుతో చక్రం నట్లు పావు చుట్టు వదులు చెయ్యి. రెండు ముందు చక్రాలూ లేపు, ఒకటి కాదు. ఒక పక్కే లేపితే స్టెబిలైజర్ బారు మెలిపడి లింకు బోల్టు కన్నంలో ఇరుక్కుంటాది. రెండు లింకులూ వదిలించాక ఒక పక్క స్ట్రట్టే తియ్యి, రెండోది చూసి బిగించుకోడానికి అలాగే ఉంచు.

బ్రేకు పైపుని స్ట్రట్టు నుంచి విడదీయి. కింద రెండు పెద్ద బోల్టులు తీయకముందు స్ట్రట్టు బ్రాకెట్టు అంచు వెంట హబ్బు (చక్రం బిగించే ముక్క) మీద సూదితో గీత గియ్యి. ఆ కన్నాల్లో చిన్న ఆట ఉంటాది, క్యాంబరు (చక్రం నిలువు వాలు) అందులోనే మారిపోద్ది. బోల్టులు బయటకి రాగానే హబ్బు బయటకి వాలిపోతాది. అప్పుడు డ్రైవ్ షాఫ్టు లోపలి జాయింటు గేరుబాక్సు దగ్గర ఊడొచ్చు, బ్రేకు పైపు మీద బరువు పడొచ్చు. తాడు తెమ్మన్నది దీనికే. హబ్బుని పైకి కట్టీసి అప్పుడు బోల్టు లాగు.

పైన నట్టు చూసి విప్పు. కొన్ని కార్లకి చుట్టూ మూడు నట్లు, కొన్నింటికి మధ్యలో ఒకటే. ఒక్కటే ఉండే రకంలో బాడీని పట్టుకునేది వేరు, దాని కింద స్ప్రింగుని ఆపే నట్టు వేరు. స్ప్రింగుని ఆపే నట్టు జోలికి వెళ్లొద్దు, స్ప్రింగు ఎగిరొస్తాది. వైపరు కింద ప్లాస్టిక్ కవరు అడ్డొస్తే దాన్ని తీసీయి, పక్క నుంచి పానా దూర్చాలని చూడకు.

కొత్తది పెట్టేటప్పుడు పై నట్టు చేత్తో పట్టించి, కింద బోల్టులు గీతకి కలిపి, అన్నీ మరల మీద కూర్చున్నాకే బిగించు. షాకబ్జరు రాడ్డు నట్టుకి ఇంపాక్ట్ గన్ను వాడొద్దు. రాడ్డు లోపల తిరిగి సీలు చెడిపోద్ది. రాడ్డుని అలెన్ కీతో ఆపి రింగు పానాతో బిగించు. ఏ బోల్టు ఎంతకి అన్నది సెట్టుతో వచ్చిన కాగితంలో, కారు మాన్యువల్లో చూసుకో. చక్రం నట్లు 85 నుంచి 100 ఎన్‌ఎం (న్యూటన్ మీటర్లు, బిగింపు బలం కొలత) మధ్యలో సరిపోతాయి. మరలకి గ్రీజు పూసి టార్క్ పెట్టకు, అదే అంకెకి బోల్టు ఎక్కువ సాగిపోద్ది.

నెల్లిమర్ల_జంక్షన్

నా మాట వేరండీ. ఆయిలు కారే షాకబ్జర్లకి మందు కొత్త షాకబ్జర్లే. రోజూ తిరిగే కారుకి కంపెనీ షాకబ్జర్లు, పైమౌంటు, బంపు రబ్బరు (షాకబ్జరు చివరిదాకా నొక్కుకుపోకుండా ఆపేది) కొత్తవి వేస్తే స్విఫ్ట్ చక్కగానే నడుస్తుంది. చవక కాయిలోవర్లో మొదట పాడయ్యేవి సీలు, పైన బేరింగు. అవి విడిగా దొరకని సెట్టయితే మొత్తం పారేయాల్సిందే. కొనే ముందు అమ్మేవాణ్ని సీలు కిట్టు, బేరింగు, రబ్బరు విడిగా ఇస్తారా అని అడగండి. ఇవ్వరంటే వదిలేయండి.

ఇంకోటి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ వివరాలకి తేడా వచ్చే మార్పు చేయకూడదు. అనుమతి లేని మార్పుకి 182ఏ కింద ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ. ఇన్సూరెన్సు వాళ్లకి కూడా రాసి చెప్పండి, క్లెయిము రోజున ఆ కాగితమే దిక్కు.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

నెల్లిమర్ల గారు చెప్పిన సీలు కిట్టు సంగతి నిజం. వేసేదంటూ నిర్ణయమైతే మాత్రం కొత్తవాళ్లు ఎక్కువ తప్పు చేసేది బిగింపులో కాదు, ఎత్తు పెట్టడంలో. రెండు రింగుల్లో ఏది తిప్పాలో తెలియక స్ప్రింగుని నొక్కేస్తారు.

మీ ముందు స్ట్రట్టుకి రెండు చోట్ల మరలుంటాయి. పైన రింగు మీద స్ప్రింగు కూర్చుంటుంది. కింద బ్రాకెట్టు మొత్తం మర మీద పైకీ కిందకీ నడుస్తుంది, ఎత్తు దానితోనే మార్చాలి. పై రింగు స్ప్రింగుకి ఆనాక 2 నుంచి 5 మిల్లీమీటర్లు మాత్రం ఎక్కించి లాకు చేయండి. దించడానికి పై రింగు వదులు చేస్తే జాకీ ఎత్తినప్పుడు స్ప్రింగు గిలగిలలాడి సీటు తప్పుతుంది. లేపడానికి బాగా బిగిస్తే, చక్రం గోతిలోకి జారాలన్నప్పుడు రాడ్డు చివరికొచ్చి ఠంగుమని కొడుతుంది. బ్రాకెట్టు లోపల మర ఎంత ఉండాలో కాగితంలో ఉంటుంది, 25 మిల్లీమీటర్ల కంటే తక్కువ మాత్రం ఉంచొద్దు.

4 కేజీ స్ప్రింగు సరిపోతుందా అన్నది లెక్క వేసి చూడండి. కారు సుమారు 960 కిలోలు, అందులో ముందు భాగం మీద 61 శాతం పడితే ఒక్కో ముందు చక్రానికి 293. చక్రం, హబ్బు, బ్రేకు కలిపి 35 కిలోలు తీసేస్తే స్ప్రింగు మోసేది 258. నాలుగుతో భాగిస్తే 64 మిల్లీమీటర్లు నొక్కుకుని కారు నిలబడుతుంది. గోతిలో చక్రం కిందకి జారడానికి అంత చోటు ఉన్నట్టే. ఇదే చోట 8 కేజీ ట్రాకు స్ప్రింగు వేస్తే 32 మిల్లీమీటర్లే. రాజాం రోడ్డు గతుకుల మీద చక్రం నేలని వదిలేసి గాల్లో తేలుతుంది. అంచేత 4 మంచిదే, దాన్ని దాటొద్దు.

ఎంత దించాలి? 20 నుంచి 25 చాలు. ఈ కారు నేల నుంచి 170 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. 25 తీస్తే 145, నలుగురు ఎక్కితే వెనక ఇంకా కుంగుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో స్పీడు బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. మన ఊళ్లలో గుడి ముందు, బడి ముందు పోసేవి ఆ వెడల్పులో సగం కూడా ఉండవు, ఎత్తు మాత్రం పోసినవాడి ఇష్టం. 40 దించిన కారు పొట్ట అక్కడే గీసుకుంటుంది.

గట్టిదనం మీట విషయం: క్లిక్కులు ఎప్పుడూ పూర్తిగా గట్టి వైపు నుంచి వెనక్కి లెక్కపెట్టండి. అటు చివర ఆగుతుంది, ఇటు చివర సరిగా తెలీదు. ఆగాక బలంగా తిప్పితే లోపలి సూది వాల్వు పాడవుతుంది. 32 క్లిక్కులుంటే 16 వెనక్కి, నాలుగూ ఒకేలా. దాంతో వారం నడిపి, ముక్కు ఊగుతుంటే ముందు రెండూ 2 క్లిక్కులు గట్టి చేయండి. వెనక సీటు వాళ్లు ఎగిరిపడుతుంటే వెనక రెండూ 2 క్లిక్కులు మెత్తన. ఒకసారి ఒక మార్పే. క్లిక్కులతో ఎత్తు మారదు.

రాడ్డుకి చిన్న ప్లాస్టిక్ కేబుల్ టై కట్టండి. నలుగురితో ఒక రోజు తిరిగాక అది బంపు రబ్బరు దాకా నెట్టుకుపోయి ఉంటే, దించింది ఎక్కువైందని అర్థం.

కంటోన్మెంట్_కుర్రాడు

లెక్క బాగా అర్థమైంది, థాంక్సండీ. సీలు కిట్టు విడిగా ఇస్తామన్నారు. రెండు సందేహాలు. వెనక కింది బోల్టు పూర్తిగా తుప్పు పట్టి ఉంది, విరిగిపోతుందేమో అని భయం. ఇంకోటి, టార్క్ పానా ఇప్పుడే కొనాలా?

పదిపన్నెండు_పానా (బొబ్బిలి)

మొదట వెనక చక్రాల పని చెప్తాను. ముందు చక్రాలకి దిమ్మలు రెండు వైపులా, మొదటి గేరు. హ్యాండ్ బ్రేకు తీసీయాలి, లేకపోతే ఇరుసు కిందకి దిగినప్పుడు కేబుల్ లాక్కుంటాది. అంచేత దిమ్మలు గట్టిగా ఉన్నాయో లేదో రెండుసార్లు చూడు. స్టాండ్లు బాడీ అంచున జాకీ గుర్తుల దగ్గర పెట్టు, ఇరుసు కింద కాదు. ట్రాలీ జాకీ ఇరుసు కింద పెట్టి కొంచెం లేపి, షాకబ్జరు కింది బోల్టు మీద బరువు పోగొట్టు. అప్పుడు బోల్టు చేత్తో కదిలినంత తేలిగ్గా వస్తాది. బరువుతో లాగితే మరలు పోతాయి.

తుప్పు బోల్టుకి: మర కొసని వైరు బ్రష్‌తో శుభ్రం చేసి, స్ప్రే కొట్టి రాత్రి వదిలీయ్. పొద్దున్న మొదట బిగించే వైపు కొంచెం కదుపు, కిర్రుమన్నాక విప్పు. పావు చుట్టు విప్పి సగం బిగించి మళ్లీ విప్పు. ఆరు మూలల సాకెట్టే వాడు, పన్నెండు మూలలది తలని గుండ్రం చేసీద్ది. బోల్టుని బుష్షు (బోల్టు చుట్టూ ఉండే రబ్బరు ముక్క) లోపలి గొట్టమే పట్టుకునుంటే ఎంత విప్పినా తలతోపాటు గొట్టం తిరుగుతాది. అప్పుడు ఆపీసి వెల్డింగు షాపు పిలుపు. కొత్త బోల్టులు ముందే తెచ్చి పెట్టుకో.

బోల్టులు వచ్చాక ఇరుసుని మెల్లగా దించు, బ్రేకు పైపు సాగుతుందేమో చూస్తూ. స్ప్రింగు చేతికొచ్చీద్ది. కొత్త సెట్టులో ఎత్తు మార్చే రింగు స్ప్రింగు కిందో పైనో వస్తాది, రెండు పక్కలా మర లెక్క ఒకటే ఉంచు. ఆఖర్న ఇరుసు పూర్తిగా వేలాడదీసి స్ప్రింగు చేత్తో కదిపి చూడు. వదులుగా తిరుగుతూ ఉంటే రోడ్డు మీద గోతిలో సీటు తప్పీద్ది.

రబ్బరు బుష్షు ఉన్న బోల్టులు చక్రం వేలాడుతుండగా బిగించకు. బుష్షు ఆ స్థితిలోనే పట్టీసి, కారు దించగానే మెలిపడి ఆరు నెలల్లో చిరిగిపోద్ది, కిరకిరా చప్పుడూ వస్తాది. చేత్తో పట్టించి వదిలీసి, జాకీతో హబ్బుని నువ్వు రాసుకున్న కొలతలోంచి దించింది తీసీసినంత ఎత్తుకి లేపి అప్పుడు బిగించు. వెనక ఇరుసు ముందు బుష్షు, ముందు కింది ఆర్ము బుష్షు కూడా ఒకసారి వదులు చేసి ఇలాగే బిగిస్తే మంచిది.

టార్క్ పానా కొను. కొనే లోపు ఉజ్జాయింపు కావాలంటే, పానాకి పైపు తొడిగి, బోల్టు మధ్య నుంచి అర మీటరు దూరంలో 20 కిలోల బలం వేస్తే 10 కేజీ-మీటర్లు, అంటే 98 ఎన్‌ఎం.

సాలూరు_ఘాటు

అందరూ అలైన్‌మెంటు వదిలేశారు. కారు దించితే టో (చక్రాలు లోపలికో బయటకో తిరిగి ఉండే కోణం) మారిపోతుంది, క్యాంబరూ కొంత లోపలికి వాలుతుంది. చూసుకోకపోతే కొత్త టైర్ల లోపలి అంచు కొన్ని వేల కిలోమీటర్లకే అరిగిపోతుంది. స్టాండ్ల మీంచి దించగానే కొలవకండి, టైర్లు పక్కకి ఒరుసుకుని కారు ఎత్తుగానే నిలబడుతుంది. మూడు మీటర్లు ముందుకీ వెనక్కీ నడిపి, నాలుగు మూలలూ అదిమి కొలవండి. ఎడమా కుడీ 5 మిల్లీమీటర్ల తేడా వరకు ఫరవాలేదు. స్ప్రింగులు 200 నుంచి 300 కిలోమీటర్లకి ఇంకొంచెం దిగుతాయి. అందుకని బిగించిన రోజు టో సరిచేయించి మెల్లగా తిరిగి, దిగాక ఎత్తు మళ్లీ చూసి అప్పుడు పూర్తి అలైన్‌మెంటు చేయించండి. 100 కిలోమీటర్లకి ప్రతి బోల్టూ ఒకసారి పానాతో తడమాలి.

వెనక ఇరుసుకి బరువుని బట్టి బ్రేకు మార్చే వాల్వు ఉన్న కార్లయితే దాని లీవరు కూడా కొత్త ఎత్తుకి సర్దాలి. లేకపోతే కారు నిండా బరువుందనుకుని వెనక బ్రేకు ఎక్కువ పడుతుంది, వర్షంలో తోక తిరుగుతుంది. హెడ్‌లైటు ఎత్తు కూడా గోడ మీద చూసుకోండి.

చప్పుళ్లు: స్టీరింగు నిలబెట్టి తిప్పినప్పుడు టంగుమంటే పైమౌంటు బేరింగు తిరక్క స్ప్రింగు మెలిపడి విడుస్తున్నట్టు. చిన్న గతుకులకి టకటక అంటే స్టెబిలైజర్ లింకో పై నట్టో వదులు.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

ఒక్కటే చేరుస్తాను. కళింగపట్నం, భీమిలి వైపు తిరిగే కార్లకి ఉప్పుగాలి, మన ఎర్రమట్టి కలిసి ఆ మరల్లో రాయిలా పట్టేస్తాయి. ఏడాది కదపకపోతే రింగు కొక్కెం పానాకి కూడా లొంగదు. బిగించాక బయటకి కనిపించే మర మీద యాంటీ సీజ్ పేస్టు పూసి పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టండి, కింద నీరు పోయేలా కొంచెం వదిలి. వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి విప్పి, బ్రష్ కొట్టి, ముందు ఎన్ని మరలు కనిపిస్తున్నాయో లెక్కపెట్టుకుని రింగుని ఒక చుట్టు తిప్పి మళ్లీ అక్కడికే తెండి. సర్వీసింగులో నీళ్ల గన్నుతో నేరుగా మరల మీద కొట్టనివ్వకండి, మట్టి లోపలికే పోతుంది.