మొటిమల గుంటలకు లేజర్ చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నాకు 27 ఏళ్లు. ఇంటర్‌లో మొదలైన మొటిమలు తగ్గాయి గానీ బుగ్గల మీద గుంటలు మిగిలాయి. పక్కనుంచి వెలుతురు పడితే గాట్లు పెట్టిన రోలులా కనిపిస్తుంది నా మొహం.

విజయవాడలో ఒక క్లినిక్‌కి వెళ్తే ఫ్రాక్షనల్ సీఓటూ లేజర్ (చర్మాన్ని చిన్న చిన్న చుక్కలుగా కాల్చే లేజర్) 4 సిటింగ్‌లు అన్నారు. మాట్లాడింది డాక్టర్ కాదు, కౌన్సెలర్ అమ్మాయి. "ఐదు రోజులు ఎర్రగా ఉంటుంది, అంతే అక్కా" అని ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టింది. ఏం మందులు వాడుతున్నావని ఒక్క మాట అడగలేదు! నేను ఐసోట్రెటినోయిన్ (మొటిమలకు మింగే మందు) ఆపి మూడు నెలలే. అది ఆపాక లేజర్‌కి ఆరు నెలలు ఆగాలని కొందరు డాక్టర్లు, ఫ్రాక్షనల్‌కి అంత అక్కర్లేదని ఇంకొందరు. ఎవరి మాట వినాలి?

అసలు భయం వేరే. నాది చామనఛాయ. దోమ కుట్టిన చోట గోకితే ఆ మచ్చ నెలల తరబడి పోదు. లేజర్ తర్వాత నల్లబడటం మనలాంటి రంగువాళ్లకే ఎక్కువట. ముందుగా చెవి పక్కన చిన్న చోట చేసి చూపించమని అడగొచ్చా? మైక్రోనీడ్లింగ్ ఆర్ఎఫ్‌తో (సన్న సూదులతో చర్మం లోపలికి వేడి పంపే పద్ధతి) ఆ నల్లబడే బాధ తక్కువంటారు, చేయించుకున్నవాళ్లు చెప్పండి.

ఇంకోటి, నాకు అప్పుడప్పుడు పెదవి పక్కన జ్వరం పొక్కులు వస్తాయి. లేజర్ వల్ల అవి మళ్లీ లేస్తాయేమోనని ముందే మాత్రలు ఇచ్చారా మీకు? నాది బండి మీద తిరిగే ఉద్యోగం, సన్‌స్క్రీన్ ఒక్కటే సరిపోయిందా? చెల్లి పెళ్లి ఫిబ్రవరిలో. అమ్మేమో పెళ్లయ్యాకే చేయించుకో అంటోంది.